బ్రూనో బొమ్మని తక్కెడలో పెట్టి చూడు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కావలి. మా బ్రూనో ల్యాబ్రడార్, మగది, పద్నాలుగు నెలలు, 31 కిలోలు. ఇంట్లో వీడు కొరకని వస్తువంటూ లేదు. చెప్పులు లెక్కపెట్టడం మానేశాం. టీవీ రిమోటు, మా పాప స్కూలు బ్యాగు పట్టీ, మంచం కోడు, చివరికి మా అత్తగారు ఉదయగిరి నుంచి తెచ్చిన చెక్క గరిటె కూడా అయిపోయాయి. గట్టిగా కొరికే కుక్కల కోసమే అని రాసుంటే ఆన్‌లైన్‌లో 450 రూపాయలు పెట్టి బొమిక ఆకారంలో ఉన్న పచ్చ రబ్బరు బొమ్మ తెప్పించాను. ఇరవై నిమిషాల్లో సగం లేదు. మొన్న పొద్దున దొడ్డికి వెళ్తే అందులో పచ్చ ముక్కలు రెండు కనిపించాయి. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. మటన్ కొట్టు ఆయన మూలుగ బొమికలు వెయ్యమంటాడు. పెట్ షాపులో జింక కొమ్ము తెప్పించి ఇస్తానన్నారు. మా మామగారేమో గొలుసేసి కట్టెయ్యమంటారు. అసలు తెగనిది, విరగనిది, ప్రాణానికి హాని లేనిది ఏదన్నా ఉందా? ఉంటే పేరు చెప్పండి, ఎంతయినా కొంటాను.

సమాధానం: తమ్ముడూ, అక్కా అని పిలిచావు గనక నేనూ చనువుగానే రాస్తాను. బొమ్మ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ పచ్చ ముక్కల సంగతి. రెండు బయటికొచ్చాయి, సంతోషం. కానీ సగం బొమ్మ పోయిందంటున్నావు, ఆ సగమంతా రెండు ముక్కల్లో ఉండదు కదా. నేల మీద దొరికినవెన్ని, దొడ్డిలో వచ్చినవెన్ని అని ఒకసారి లెక్క చూసుకో. మిగిలిన సగం బొమ్మని పారెయ్యకుండా వాడికి అందకుండా బీరువా మీద పెట్టు. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే అది చేతిలో ఉండాలి. ఎంత పోయింది, ఎలాంటి రబ్బరు అన్నది ఆయనకి నోటితో చెప్పడం కంటే వస్తువు చూపిస్తే తొందరగా తెలుస్తుంది.

వాడు మామూలుగా తింటున్నాడా, నీళ్లు తాగితే కడుపులో నిలుస్తున్నాయా, రోజూలాగే దొడ్డికి వెళ్తున్నాడా అని చూస్తూ ఉండు. ఒకటికి రెండుసార్లు వాంతి చేసుకున్నా, ల్యాబ్రడార్ అయ్యుండి తిండి ముందు మొహం తిప్పుకున్నా, దొడ్డికి కూర్చుని ముక్కుతున్నా ఏమీ రాకపోయినా, ముందుకాళ్లు చాపి వెనక భాగం పైకెత్తి దణ్ణం పెడుతున్నట్టు నిలబడుతున్నా, పొట్ట ముట్టుకుంటే మూలిగినా ఆ పూటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. తెల్లారనిద్దాం అనుకోవద్దు. పేగులో ఏదన్నా అడ్డం పడితే గంటలు లెక్కకొస్తాయి. రబ్బరు, ప్లాస్టిక్ ఎక్స్‌రేలో ఒక్కోసారి కనపడవు. ఎక్స్‌రే బాగానే ఉందన్నా వాంతులు ఆగకపోతే స్కానింగ్ చేయిద్దామా అని అడుగు. ఆపరేషన్ దాకా వస్తే మనవైపు వాళ్లు తిరుపతి వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో, చెన్నై వేపేరికో పరిగెడుతుంటారు. ఎంత తొందరగా బయల్దేరితే అంత మంచిది. ఉప్పునీళ్లు తాగించి కక్కించమని ఎవరన్నా చెబితే వినొద్దు, ఉప్పే విషమవుతుంది. వెనక నుంచి దారం లాంటిది వేలాడుతుంటే పట్టి లాగొద్దు. దాని రెండో కొస లోపల పేగుకి చుట్టుకుని ఉందో ఏమో బయట నుంచి మనకి తెలియదు, లాగితే పేగు తెగుతుంది.

ఇక నువ్వు అడిగింది. తెగనిది, విరగనిది ఉందా అంటే, లేదు. ఎంతయినా కొంటానన్నావు గానీ ఆ మాట షాపులో అనొద్దు. నిజంగా తెగని వస్తువు దొరికినా వాడికి ఇవ్వకూడదు. అది తెగకపోతే పన్ను విరుగుతుంది. మరీ మెత్తనిదైతే ముక్కలు కడుపులోకి పోతాయి. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులోనే మనకి కావలసిన వస్తువు ఉంది. అందుకే పేరు కంటే ముందు చూసే పద్ధతి చెబుతాను.

ఇది నాకు పుస్తకం చదివితే వచ్చిన జ్ఞానం కాదు. ఏడెనిమిదేళ్ల కిందట మా ఇంట్లో సీజర్ అని జర్మన్ షెపర్డ్ ఉండేవాడు. ఆదివారం మటన్ తెచ్చినప్పుడల్లా కొట్టు ఆయన కాయితంలో చుట్టి ఒక మూలుగ బొమిక ఊరికే ఇచ్చేవాడు. కాలి బొమిక, గుండ్రంగా, చుట్టూ రాయిలాగా, మధ్యలో మూలుగ. సీజర్ దాన్ని వరండాలో రెండు కాళ్ల మధ్య పట్టుకుని తల పక్కకి వంచి వెనక పళ్లతో కొరుకుతుంటే మాకు అదో ముచ్చట. ఒకరోజు వంటింట్లో ఉండగా టక్ మని వినపడింది. కొబ్బరిచిప్ప పగిలిన చప్పుడు. బొమిక పగిలిందనుకున్నాను. వాడు ఒక్క క్షణం ఆగి మళ్లీ నమలడం మొదలుపెట్టాడు, నేనూ ఊరుకున్నాను. రెండు మూడు నెలలయ్యాక ఒక పొద్దున కుడికన్ను కింద వాచి కనిపించింది. తేనెటీగ కుట్టిందనుకుని పసుపు రాశాం. రెండ్రోజులకి అక్కడ చితికి చీము కారింది. డాక్టరుగారు కంటి దగ్గర చూడనేలేదు, పెదవి పైకెత్తారు. పై దవడలో అన్నిటికంటే పెద్ద కత్తెర పన్ను, దాని బయటివైపు పలక పలకగా చీలి, చిగురుకి అంటుకుని వేలాడుతోంది. లోపల గులాబీరంగు నరం. అన్నాళ్లూ ఆ నరంతోనే తిన్నాడు, ఆడాడు, ఒక్కసారి కూడా మూలగలేదు. మత్తిచ్చి ఆ పన్ను తీసేయాల్సి వచ్చింది. తప్పు బొమికది కాదు, మటన్ ఆయనది కాదు, చప్పుడు విని కూడా నోరు తెరిచి చూడని నాది.

మన పంటి మీద పైపొర మందంగా ఉన్నచోట రెండు మిల్లీమీటర్ల పైన ఉంటుంది. కుక్కకి అది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పైగా వాటి వెనక పళ్లు కత్తెరలాగా ఒకదాని పక్కగా ఒకటి జారుతూ మూసుకుంటాయి. కత్తెర మధ్య రాయి పెట్టి నొక్కితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకని ఏ వస్తువైనా వాడికి ఇచ్చేముందు నీ బొటనవేలి గోరు దాని మీద గట్టిగా నొక్కు. కొంచెమన్నా గుంట పడాలి, లేదా ఆ వస్తువు వంగాలి. రెండూ లేకపోతే అది కుక్క పన్ను విరగ్గొట్టేంత గట్టిది, ఇవ్వొద్దు. రెండో పరీక్ష: దాంతో నీ మోకాలిచిప్ప మీద ఒకటి కొట్టుకోగలవా? ఆలోచనకే అబ్బా అనిపిస్తే అది వాడి నోటికి కూడా అబ్బానే.

ఈ పరీక్ష పెడితే నీకొచ్చిన సలహాల్లో సగం అక్కడే తేలిపోతాయి. మూలుగ బొమిక తప్పింది. దాంట్లో ఇంకో చిక్కుంది, అడ్డంగా నరికిన గుండ్రటి ముక్క నాకుతూ నాకుతూ కింది దవడకి ఉంగరంలాగా ఎక్కి కోరపళ్ల వెనక ఇరుక్కుంటుంది. కోసి తీయాల్సిందే. ఉడికించిన బొమికలైతే మరీ ప్రమాదం, సూదుల్లాగా చీలతాయి. చికెన్ ముక్క అయినా, కూరలో మిగిలిన మటన్ బొమిక అయినా అంతే. జింక కొమ్ము గోటికి లొంగదు. అదీగాక మన అడవుల్లో జింకల, దుప్పుల కొమ్ములు అమ్మడం, కొనడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, రాలిపోయిన కొమ్మే అని చెప్పినా సరే. కుక్క బొమ్మ కోసం ఫారెస్టు వాళ్ల చుట్టూ తిరగడం నీకు అవసరమా? హిమాలయాల జున్ను అని కడ్డీలు అమ్ముతారు, వాసన చూసి కుక్కలు పడి చస్తాయి. అదీ రాయే. నైలాన్ బొమికలు కూడా పరీక్షలో తప్పుతాయి. కొందరు డాక్టర్లు పర్వాలేదంటారు, నెమ్మదిగా గీరుకునే కుక్కకైతే నిజమేనేమో. వెనక పళ్లతో నొక్కి చీల్చే నీ బ్రూనోలాంటి వాడికి నేనైతే ఇవ్వను.

తెల్లగా ముడులు వేసి పెట్ షాపుల్లో వేలాడదీసే తోలు బొమికలు ఇంకో రకం ప్రమాదం. అవి పన్ను విరగ్గొట్టవు. నానిన కొద్దీ జిగటగా సాగుతాయి. చివర మిగిలిన ముద్దని ఆబగా మింగితే గొంతుకి అడ్డం పడుతుంది, లోపలికి పోతే ఉబ్బుతుంది. తింటూ ఉండగా అన్నం గిన్నె దగ్గరికి చెయ్యి పెడితేనే గబగబా మింగే రకం ల్యాబ్రడార్. దానికి ఇవి అసలు పనికిరావు.

మరి ఏం కొనాలి? మందంగా ఉండే సహజ రబ్బరు బొమ్మ, లోపల గుల్లగా, తిండి కూరడానికి వీలుగా ఉన్నది. దీనికో కథ ఉంది. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్ఖమ్ అనే ఆయన పోలీసు డ్యూటీ నుంచి రిటైరైన ఒక జర్మన్ షెపర్డ్‌ని పెంచుకున్నాడు, పేరు ఫ్రిట్జ్. అది ఊరికే రాళ్లు కొరికి పళ్లు అరగదీసుకునేది. చీమకుర్తి క్వారీల వైపు ఇల్లున్న ఒకాయన ఇదే గోడు చెప్పాడు, వాళ్ల కుక్క గ్రానైట్ ముక్క నోట్లో పెట్టుకుని రోజంతా తిరిగేదట, కోరపళ్లు మొద్దయిపోయాయి. సరే, మార్ఖమ్ ఒకరోజు తన వోక్స్‌వ్యాగన్ వ్యాను కింద దూరి రిపేరు చేసుకుంటూ, ఆ రాళ్ల గోల పడలేక, ఊడదీసిన విడిభాగాలు ఒక్కోటీ ఫ్రిట్జ్ వైపు విసిరాడు. అందులో సస్పెన్షన్‌లో ఉండే రబ్బరు ముక్క ఒకటి దానికి తెగ నచ్చేసింది. నొక్కితే వంగుతుంది, వదిలితే లేస్తుంది, ఎగరేస్తే ఎటు దూకుతుందో తెలియదు. ఆ ఆకారంలోనే తయారుచేసి 1976లో కాంగ్ అనే పేరుతో కంపెనీ పెట్టాడు. మూడు ఉండలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది, చూసే ఉంటావు.

అందులో ఎరుపు మామూలు కుక్కలకి, నలుపు గట్టిగా కొరికేవాటికి, లేత నీలం, గులాబీ రంగులవి పాలపళ్ల పిల్లలకి. నువ్వు నలుపు తీసుకో. సైజు మాత్రం ఎక్స్‌ఎల్. 31 కిలోలకి లార్జ్ సరిపోతుందని షాపులో అనొచ్చు. ఈ విషయంలో చెప్పుల లెక్క పనికిరాదు, పెద్దదైతే నష్టం లేదు, చిన్నదైతే గొంతులో పడుతుంది. వాడు నోరు మూసినా బొమ్మ మొత్తం వెనక పళ్ల అవతలికి పోకూడదు, అదీ కొలత. ధర వెయ్యి పైమాటే. బాధగానే ఉంటుంది, కానీ చెప్పుల లెక్క మానేశానన్నావుగా, ఒక్కసారి ఆ లెక్క వేసి చూసుకో. ఇదే కంపెనీది కావాలని నా పట్టు కాదు. వేరేది తీసుకున్నా గోరు దిగాలి, గోడలు మందంగా ఉండాలి, చెవులు, తోక, కాళ్లు అంటూ పొడుచుకొచ్చిన భాగాలు ఉండకూడదు. నీ పచ్చ బొమిక ఓడిపోయింది అక్కడే. రెండు చివర్లా ఉబ్బెత్తు ముడులు ఉంటే పన్నుకి పట్టు దొరుకుతుంది, పట్టు దొరికాక ఎంత రబ్బరైనా ఊడుతుంది. ఇంకొకటి, గుల్ల బంతికి ఒకే బెజ్జం ఉంటే కొనొద్దు. నాలుక లోపలికి పెట్టి పీలిస్తే గాలి చొరక నాలుక అక్కడే పట్టుకుపోతుంది, వాచి నల్లబడిపోతుంది. గాలి ఆడటానికి రెండో బెజ్జం, చిన్నదైనా సరే, ఉండి తీరాలి.

అట్ట మీద రాసే మాటల గురించి ఒక మాట. పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేశారు. ఆ ఉత్తర్వు పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మల గురించి, కుక్కలవి అందులోకి రావు. కాబట్టి కుక్క బొమ్మ మీద 'నాన్ టాక్సిక్', 'తెగదు' అని ఉంటే అది అమ్మేవాడి మాట. అట్ట విప్పగానే పెట్రోలు బంకు వాసన గుప్పుమన్నా, తడిగుడ్డతో తుడిస్తే రంగు అంటుకున్నా నేనైతే వెనక్కి పంపేస్తాను.

కొని ఊరికే వాడి ముందు పడేస్తే ఐదు నిమిషాలు చూసి మళ్లీ నీ చెప్పు వెతుక్కుంటాడు. చెప్పులో నీ కాలి వాసనుంది, రబ్బరులో ఏముంది? అందుకని దాంట్లో తిండి పెట్టు. మా ఇంట్లో చేసేది చెబుతాను. చిన్న బెజ్జాన్ని ముందు ఒక ఉడికిన క్యారెట్ ముక్కతో మూస్తాను. సంగటి మిగిలితే పెరుగు కలిపి మెత్తగా చేసి సగం దాకా కూరతాను. దాని మీద ఉడికించిన గెనుసుగడ్డ, లేకపోతే గుమ్మడికాయ. పైన బొమిక లేని చికెన్ పీచులు రెండు, కొస బయటికి కనపడేటట్టు. అలా కనపడితేనే వాడికి పని మొదలుపెట్టాలనిపిస్తుంది. ఒక గ్లాసులో నిలబెట్టి ఫ్రీజర్‌లో ఐదారు గంటలు. ఇచ్చే ముందు పది నిమిషాలు బయట పెట్టు, మరీ రాయిలాగా ఉంటే అదీ పంటికి మంచిది కాదు. కొత్తలో గడ్డకట్టించకుండా వదులుగా కూరి ఇవ్వు, తేలిగ్గా గెలిస్తే ఆశ పుడుతుంది. మొదటిరోజే కష్టమైతే విసిగి బొమ్మనే చీల్చడం మొదలుపెడతాడు.

మన కూర, చేపల పులుసు అన్నం మాత్రం అందులో పెట్టొద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్కల రక్తానికి చెడు. ద్రాక్షపళ్లు, కిస్‌మిస్ మూత్రపిండాలకి చెడు. చాక్లెట్ అసలే వద్దు. వేరుశనగ ముద్ద డబ్బాలో కొంటే వెనక జైలిటాల్ అనే పేరుందేమో చదువు. ఆ తీపిపదార్థం కుక్కకి విషం. ఇంట్లో వేయించి రుబ్బుకున్న ఉప్పు లేని పల్లీ ముద్దయితే భయం లేదు. కూరినదంతా వాడి రోజువారీ గిన్నెలోంచి తగ్గించు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతుకి ఆకలి తీరిందని చెప్పే జన్యువులోనే లోపముందని 2016లో కేంబ్రిడ్జిలో తేల్చారు. వాడి మొహం చూసి పాపం ఆకలేమో అనుకుంటే నెలకో కిలో ఎక్కుతాడు.

ఇప్పుడు తక్కెడ. ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదేమో గానీ నాకు బాగా పనికొచ్చింది. వంటింట్లో గ్రాములు చూపించే చిన్న తూకం యంత్రం ఉంటుంది కదా, బొమ్మ కొన్నరోజే కడిగి ఆరబెట్టి తూచి, బరువు అట్ట మీద రాసి ఫ్రిజ్ పక్కన అంటించు. వారానికోసారి ఆదివారం మళ్లీ కడిగి, ఆరాక తూచు. ఒకటి రెండు గ్రాములు తగ్గితే అరుగుదల. ఒక్కసారిగా పది గ్రాములు తగ్గి, నేల ఊడ్చినప్పుడు ఆ ముక్క దొరక్కపోతే అది ఎక్కడుందో నీకు తెలుసు. కంటితో చూస్తే బొమ్మ కొత్తదానిలాగే ఉంటుంది, తూకం మాత్రం మొహమాటపడదు. మామూలుగా నా లెక్క ఇది: బియ్యపు గింజంత పొట్టు రాలితే పర్వాలేదు, శనగగింజంత ముక్క ఊడిందంటే ఆ బొమ్మకి ఆరోజుతో సరి. వెయ్యి పెట్టి కొన్నామే అని ఇంకో వారం ఉంచబుద్ధేస్తుంది. నాకూ వేస్తుంది. పారెయ్యి.

బొమ్మల్ని ఎండలో వదలొద్దు. మన రోహిణీ కార్తె ఎండకి మిద్దె మీద వారం పడి ఉంటే సహజ రబ్బరు పైన సన్నటి పగుళ్లొస్తాయి, ఆ తర్వాత పళ్లకి పని చాలా తేలిక. మా ఇంట్లో ఒకటి అలాగే పోయింది, కుక్క తప్పేం లేదు.

బంతులాట ఆడిస్తావేమో. టెన్నిస్ బంతి విసిరి తెప్పించుకోవడానికి పనికొస్తుంది గానీ నమలడానికి కాదు. ఆ పైనుండే నూగులో ఇసుక చేరి ఉప్పుకాయితంలాగా పళ్లని అరగదీస్తుంది. పైగా ల్యాబ్రడార్ దవడకి అది ఇట్టే రెండు చిప్పలవుతుంది. ఆట అయిపోగానే జేబులో వేసుకో. తాడు బొమ్మకూడా అంతే, ఒక కొస నీ చేతిలో ఉన్నంతసేపే. ఒంటరిగా వదిలితే పోగులు పోగులుగా మింగుతాడు, పేగుల్ని కోసేది ఆ పోగులే. లోపల కీచుమనే దూది బొమ్మల జోలికి పోనే వద్దు, వాడి ధ్యాసంతా ఆ కీచు బిళ్ల బయటికి లాగి మింగడం మీదే ఉంటుంది.

డబ్బు పెట్టకుండా ఇంట్లో దొరికేవి ఇద్దామనుకునే వాళ్లూ చాలామంది రాస్తుంటారు, పనిలో పనిగా వాళ్లకీ చెబుతున్నాను. మామిడి టెంక ఇవ్వొద్దు. నున్నగా, జారుగా, రుచిగా ఉంటుంది, నమిలినట్టే నమిలి గుటుక్కున మింగేస్తాయి. పేగులో అడ్డం పడటానికి కొలిచి చేసినట్టు ఉంటుంది ఆ ఆకారం. మా వీధిలోనే ఒక మే నెలలో ఇలాగే అయింది, మూడ్రోజులు ఎండదెబ్బ వాంతులనుకుని మజ్జిగ పట్టారు, కోసి తీస్తే టెంక. తాటి టెంక, మొక్కజొన్న కంకి కూడా అంతే. కొబ్బరి పీచు ఉండలు కడుతుంది. పాత సైకిల్ టైరు ముక్క వేస్తే అంచుల్లో ఇనపతీగె ఉంటుంది. పొగాకు బేళ్లు, గోతాలు ఉండే ఇళ్లలో అయితే, ఒంగోలు, కందుకూరు వైపు వాళ్లు మరీ జాగ్రత్త, ఆకు నమిలితే నికోటిన్ ఎక్కి వణుకు, వాంతులు మొదలవుతాయి. ఉదయగిరి గరిటె సంగతి చదివి నవ్వొచ్చింది గానీ, కొయ్య ఎంత నున్నగా చెక్కినా కుక్క కొరికితే పుడకలుగా చీలి చిగురులో, అంగిట్లో గుచ్చుకుంటుంది. ఒకసారి వాడి నోరు తెరిచి లైటు వేసి చూడు, అంగిట్లో అడ్డంగా పుడక ఇరుక్కుని ఉండొచ్చు. నోటి వాసన, చొంగ, మూతి కాళ్లతో రుద్దుకోవడం ఉంటే తప్పకుండా చూడు. అలాగే ఆ రిమోటులో బ్యాటరీలు రెండూ దొరికాయా? దొరకలేదంటే అది కూడా డాక్టరుతో చెప్పాల్సిన మాటే. ఇందులో ఆలస్యం వద్దు, కొరికిన బ్యాటరీ లోపల పుండు చేస్తుంది.

మీ మామగారు గొలుసు వెయ్యమన్నది విసుగుతో అన్నమాట, నాకు అర్థమైంది. పెద్దాయన చెప్పులే ఎక్కువ పోయి ఉంటాయి. కానీ కట్టేసిన కుక్కకి నమలడం తప్ప వేరే పనేముంటుంది? గొలుసే నములుతుంది, పళ్లు అరుగుతాయి. ఈ వయసులో ల్యాబ్రడార్లకి నమలడమంటే మనకి చుట్టాలొస్తే కబుర్లు చెప్పుకోవడం లాంటిది, ఆపలేం. రెండేళ్లు నిండేసరికి చాలావరకు తగ్గుతుంది. అందాకా వాడికి ఎప్పుడు నమలబుద్ధేస్తుందో కనిపెట్టి ఆ టైముకి బొమ్మ అందించడమే. ఒక మూడ్రోజులు చూసి రాసుకో. మా ఇళ్లలో నేను చూసినంతవరకు పొద్దున మనుషులు ఆఫీసులకి, స్కూళ్లకి బయల్దేరే హడావిడప్పుడు ఒకటి, సాయంత్రం దీపాలవేళ ఒకటి. ఫ్రీజర్ బొమ్మ మీరు చెప్పులేసుకునే ముందే వాడి పక్క మీద ఉండాలి. మొదట్లో వారం పదిరోజులు ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే ఇవ్వు, వాడు దాన్ని నాకుతున్నాడా, చీలుస్తున్నాడా చూడు. అప్పుడుగానీ ఒంటరిగా వదలొద్దు. ఎండాకాలం పొద్దున ఆరులోపే నడక కానిచ్చేయ్, ఆ తర్వాత తారురోడ్డు కాళ్లు కాలుస్తుంది. నడక లేని రోజున ఏ బొమ్మా ఆపలేదు వాణ్ణి.

ఇంకో సంగతి నువ్వు రాయలేదు, నేనే అడుగుతున్నా. మీరు ఇంట్లో ఉన్నప్పుడు కూడా కొరుకుతాడా, లేక మీరు బయటికెళ్లినప్పుడే తలుపులు, కిటికీ చెక్కలు గీరి కొరుకుతాడా? రెండోదైతే అది నమిలే సరదా కాదు, ఒంటరితనం భయం. దానికి వేరే వైద్యం, బొమ్మతో తీరదు. మట్టి, గోడ సున్నం, గుడ్డపేలికలు ఏరుకుని మరీ మింగుతున్నా అంతే. కడుపులో నులిపురుగులకి మందు వేసి ఎన్నాళ్లయిందో చూసుకుని, ఒకసారి రక్తపరీక్ష చేయించు.

చెప్పు నోట్లో ఉన్నప్పుడు వెంటబడొద్దు. నువ్వు పరిగెత్తితే వాడికది ఆట, నోరు బలవంతంగా తెరవబోతే ఉన్నది మింగేస్తాడు. 'వదులు' అనే మాట ఒకటి నేర్పు. ముందు వాడికి పెద్దగా ఇష్టంలేని వస్తువు నోట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టు. ముక్కు దగ్గర చికెన్ ముక్క పెట్టి 'వదులు' అను. నోరు తెరవగానే ముక్క ఇచ్చి, ఆ వస్తువు కూడా మళ్లీ వాడికే ఇచ్చెయ్. ఈ చివరిది అందరూ మర్చిపోతారు. వదిలితే పోదు, ఇంకోటి కూడా వస్తుందని వాడికి నమ్మకం కుదిరితే రేపు నిజంగా ప్రమాదమైనది నోట్లో ఉన్నప్పుడు నీ మాట పనిచేస్తుంది. రోజుకి ఐదారుసార్లు, పది రోజులు చెయ్యి, చాలు. మంచం కోడుకి కారం పూయమని చెప్పేవాళ్లుంటారు, కళ్లలో పడి అల్లాడుతుంది, వద్దు. నిమ్మరసం రాయమంటారు. మన నెల్లూరులో నిమ్మకాయలకేం కొదవలేదుగా, నేనూ రాసి చూశాను. సీజర్ ఆ కోడుని అంతకుముందుకంటే ఇష్టంగా నాకాడు.

బొమ్మలు నాలుగైదుకి మించి అక్కర్లేదు. కూరే రబ్బరు బొమ్మ రెండు, ఒకటి ఫ్రీజర్‌లో ఉంటే ఒకటి వాడి దగ్గర. నోటికి పట్టనంత పెద్ద రబ్బరు బంతి ఒకటి. నీ చేతిలో ఉండే తాడు ఒకటి. తిండి బొమ్మ తప్ప మిగతావి వాడికి కనపడకుండా దాచి, మూడ్రోజులకోసారి మార్చు. మీ అత్తగారికి కొత్త గరిటె కూడా ఈ ఖర్చులోనే కలుపుకో.

ఆ పచ్చ బొమిక సగం బీరువా మీద పెట్టమన్నాను కదా. రెండు వారాలు దాటి, వాడు శుభ్రంగా తిని, దొడ్డికి మామూలుగా వెళ్తుంటే దాన్ని కిందికి దించి మూత ఉన్న చెత్తడబ్బాలో వెయ్యి. మూత లేనిదైతే మళ్లీ వాడికే దొరుకుతుంది.